పిల్లల చేతిలో డిటెక్టివ్ లాక్కోమన్న పెద్దమనిషికి

"మీ పిల్లల చేతిలో డిటెక్టివ్ నవల కనిపిస్తే వెంటనే లాక్కోండి, అయిదు కారణాలు" అన్న మెసేజ్ వాట్సాప్‌లో మళ్ళీ మొదలైంది. పంపేవాళ్ళు చివర దణ్ణం బొమ్మొకటి పెడుతున్నారు.

కళ్ళు పాడవుతాయట. అదే న్యూస్‌ప్రింట్ మీద శతకం అచ్చేస్తే పాడవవు కాబోలు. సాహిత్యం కాదట. సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్రే డిటెక్టివ్ నవలలూ రాశాడు. ఆయనకి చెప్పి రండి.

హంతకుడెవరో తెలిశాక ఆ పుస్తకం చిత్తుకాగితమేనట. అసలు పనితనం కనబడేదే రెండోసారి. ఆరితేరిన రచయిత ఆధారాన్ని దాచడు, మన ముందే పారేస్తాడు. గదిలో ఏడు వస్తువులు వరసగా చెబుతూ, ఆగిపోయిన గడియారాన్ని నాలుగోదిగా ఇరికిస్తాడు. జాబితా అవగానే వంటింట్లో ఎవరో కెవ్వుమంటారు. మనం కేక వెంట పరిగెత్తుతాం, గడియారం గోడమీదే ఉంటుంది.

ఇక నాలుగోది: ఇవి చదివి పిల్లలు నేరాలు నేర్చుకుంటారట, "ఒక సర్వేలో తేలిందట". అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసింది. 1920లో వచ్చిన తొలి నవలలో విషం లెక్క అంత పక్కాగా ఉండేది అందుకే. టానిక్‌లోని స్ట్రిక్నిన్ అనే విషం సీసా అడుక్కి దిగి, మొత్తం ఆఖరి డోసులోకి వచ్చేస్తుంది. (గుట్టు విప్పేశాను. వందేళ్ళు దాటిన పుస్తకం, సర్దుకోండి.) ఆ టానిక్ ఇప్పుడు ఏ మందుల షాపులో అమ్ముతున్నారు? పిల్లాడికి వంటబట్టేది వేరు. ఎనిమిదింటికి ఎవరెక్కడున్నారో కాగితం మీద గీసుకోవడం. "చూశాను" అన్నవాడు కళ్ళారా చూశాడా, ఎవరో చెబితే విన్నాడా అని ఆరాతీయడం. పైగా రెండొందల పేజీల పుస్తకంలో నూటతొంభయ్యో పేజీకల్లా దొరికిపోయే దొంగని చూసి దొంగతనం మీద మోజు ఎలా పడతారో! ఇలా అలవాటైన పిల్లాడు మీ మెసేజ్ చూసి ఏ సర్వే, ఎవరు చేశారు, ఎప్పుడు అంటాడు. లాక్కోమంటున్నది అందుకేనా?

చివరిది, "తెలుగు డిటెక్టివ్‌లన్నీ కాపీలే". అన్నీ కావు. కానీ ఇక్కడ ఆ పెద్దమనిషి సగం నిజం చెప్పాడు. నెలకో నవల ఇవ్వాల్సిన తొందరలో పేర్లు మార్చి, లండన్‌ని మద్రాసు చేసి దించేసినవి బోలెడు. అంతకన్నా ఘోరం, హంతకుణ్ణి ఆఖరి అధ్యాయంలో మొదటిసారి దింపి, ఆధారాన్ని డిటెక్టివ్ కోటు జేబులోంచి తీసేవి. నేరస్థుడు కథ మొదట్లోనే కనబడాలని ఇంగ్లీషు డిటెక్టివ్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లోనే మొదటి నియమంగా పెట్టాడు. దాన్ని తుంగలో తొక్కినవాటిని లాక్కోండి, సంచీ నేను తెస్తా. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ జోలికి మాత్రం రాకండి.