ముందు రిజిస్టర్ తెరవండి, తర్వాత నోరు తెరవండి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి సీజన్ మొదలైతే చాలు, షిఫ్ట్ మేనేజర్ల నోట ఒకటే మాట: "వాడితో వేగలేం సార్, ఎన్నిసార్లు చెప్పినా వినడు." అసలు ఏం చెప్పారని అడిగి చూడండి. "నీకు బాధ్యత లేదు", "నీ తీరే అంత" అన్నారట. రేపు డ్యూటీకొచ్చి అతను ఏం మార్చుకోవాలో ఆ మాటల్లో ఎక్కడుంది?

పదిహేనేళ్లుగా అదే మిషన్ మీదున్న ఆపరేటర్ అనుకుందాం. పనిమంతుడే. కానీ నైట్ షిఫ్టులో బ్రిక్స్ రీడింగులు, అంటే గుజ్జులో తీపి ఎంతుందో చెప్పే కొలతలు, రిజిస్టర్లో రాయడు, అడిగితే గొంతు లేస్తుంది. అతన్ని రిజిస్టర్ ముందు కూర్చోబెట్టి ఇలా అడగాలి: "అన్నా, రాత్రి రెండున్నర, మూడు, మూడున్నర, నాలుగు గంటల రీడింగులు నాలుగూ లేవు. ఆ టైంలో నింపిన డ్రమ్ములన్నీ క్వాలిటీ వాళ్లు పక్కన పెట్టేసినారు. ఏమైంది?" ఒక్కో డ్రమ్ముకు 215 కిలోల గుజ్జు. ఆ లెక్క అతనికి మనకంటే బాగా తెలుసు. ఎప్పుడు, ఏం జరిగింది, దానివల్ల ఏమైంది: ఈ మూడు చాలు. నాయకత్వ శిక్షణ ఇచ్చే అమెరికా సంస్థ సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ నేర్పే పద్ధతీ ఇదే.

అడిగాక ఇంక మాట్లాడకూడదు. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు, ఐదు సెకన్లు ఓపిక పట్టలేక మళ్లీ క్లాసు పీకుతారు. ఓపిక పడితే అసలు సంగతి బయటికొస్తుంది. హెల్పర్ రాక రెండు మిషన్లూ ఒక్కడే చూసుకున్నాడేమో. బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్ ల్యాబులో పెట్టి తాళం వేసుకుపోయారేమో. అలాంటప్పుడు అతన్ని తిట్టి ఏం లాభం? హెల్పర్ని వేయండి, తాళంచెవి ఇప్పించండి.

"మీకు నేనంటే పడదు" అంటాడు. వాదనకు దిగొద్దు. "అదీ వింటానన్నా, ముందు ఈ నాలుగు రీడింగుల సంగతి తేలుద్దాం" అనండి. అరుస్తుంటే పది నిమిషాలు ఆపి మళ్లీ కూర్చోండి. పాత తప్పులన్నీ ఆ రోజే తవ్వకండి, ఒక్క విషయమే.

పండ్లు ఏరే బెల్టు దగ్గర, అందరి ముందూ మాత్రం వద్దు. యాభై ఏళ్ల మనిషిని పాతికేళ్ల ఇంజనీరు "ఏయ్" అంటే, ఒకే ఆటోలో వచ్చిపోయే వాళ్ల వల్ల ఆ మాట సాయంత్రానికి అతని ఊరు చేరుతుంది. ఆ తర్వాత మీరు ఎంత మంచి మాట చెప్పినా అతని చెవికెక్కదు. గేటు బయట లారీలు బారులు తీరిన గంటలోనూ వద్దు, షిఫ్ట్ దిగాక అదే రోజు మాట్లాడండి. నడుస్తున్న మిషన్లో చెయ్యి పెడితే మాత్రం అక్కడికక్కడే ఆపాల్సిందే.

రెండు పొగడ్తల మధ్య తిట్టు దాచే అలవాటు నాకసలు నచ్చదు. ఆ తర్వాత నిజంగా మెచ్చుకున్నా అతను "కానీ" కోసమే ఎదురుచూస్తాడు.

చివర్లో ఏం చేస్తాడో అతని నోటితోనే చెప్పించి, తేదీతో సహా డైరీలో రాసుకోండి. మళ్లీ అదే జరిగితే హెచ్చరిక రాతపూర్వకంగా ఇవ్వండి, అప్పటికీ మారకపోతే హెచ్‌ఆర్ మెమో. తేదీలు లేని ఫిర్యాదు అక్కడ నిలబడదు. మూడో రోజు పొద్దున షిఫ్ట్ మారేటప్పుడు మీరే వెళ్లి రిజిస్టర్ చూడండి. రాసుంటే "రాత్రి రీడింగులన్నీ ఉన్నాయన్నా" అని ఈసారి నలుగురిలో, గట్టిగా చెప్పండి.