హీరో లేకపోతే మనసుకు తగలదా?

ఒకే వస్తువు చేతులు మారుతూ పోయే సినిమాల గురించి మా బెంగళూరు తెలుగు గ్రూపుల్లో వారంగా ఒక మెసేజ్ తిరుగుతోంది: ఇవి 1998లో ‘ది రెడ్ వయొలిన్‌’తో మొదలయ్యాయట, హీరో ఉండడు కాబట్టి మనసుకు తగలవట, ముక్కల్ని ఏ వరుసలో చూసినా ఒకటేనట. మారతహళ్లిలో ఉండే మా బావగారు అది నాకు పంపి “నిజమేగా” అన్నారు. కాదు బావగారూ.

1998 అన్నది తప్పు. 1942లోనే ‘టేల్స్ ఆఫ్ మన్‌హాటన్’ ఒక కోటు వెంట నడిచింది, 1950లో ‘వించెస్టర్ 73’ ఒక తుపాకీ వెంట. పైగా ఆ తుపాకీ సినిమాలో హీరో ఉన్నాడు, జేమ్స్ స్టూవర్ట్!

హీరో లేకపోతే మనసుకు తగలదన్న మాట మీదే నాకు కోపం. కోటు సినిమాలో ఒక పేద సంగీతకారుడికి, తను రాసిన సంగీతాన్ని పెద్ద హాల్లో తనే నడిపించే అవకాశం వస్తుంది, వేసుకున్నది సెకండ్ హ్యాండ్ కోటు, అదీ బిగుతు, చేతులు ఊపేకొద్దీ కుట్లు పటపటా విడిపోతుంటే జనం పగలబడి నవ్వుతారు. అతను కుప్పకూలిపోతాడు. అప్పుడు పైన కూర్చున్న పెద్ద విద్వాంసుడు లేచి తన కోటు విప్పేస్తాడు, ఆయన్ని చూసి మిగతా మగవాళ్లూ ఒక్కొక్కరే విప్పేస్తారు. కాసేపటి క్రితం ఆ మనిషెవరో నాకు తెలీదు, అయినా గొంతు పట్టేసింది. (ఆ సినిమా చివరి భాగం మాత్రం నాకు నచ్చదు. నల్లజాతి పేదల్ని చూపించిన తీరును, అందులో నటించిన పాల్ రాబ్సనే తప్పుపట్టారు.)

మొన్న అవెన్యూ రోడ్డులో పాత డిక్షనరీ కొన్నాను. మొదటి పేజీలో సిరాతో ఒక పేరు, దాన్ని కొట్టేసి కింద బాల్‌పెన్నుతో ఇంకోటి. మా అమ్మాయి డిక్షనరీ సంగతి వదిలేసి “ఈ రెండో ఆయన ఎందుకు అమ్మేశాడు నాన్నా?” అని రెండుసార్లు అడిగింది. వాళ్లిద్దరూ మా అమ్మాయికి ఏమవుతారని?

ఇక వరుస. ‘ది రెడ్ వయొలిన్’ కథలో, 1681లో ఇటలీలోని క్రెమోనాలో వయొలిన్ చేసినవాడు, చనిపోయిన భార్య రక్తాన్ని వార్నిష్‌లో కలిపాడని మనకు తెలిసేది చివర్లో. అది ముందే చూపించేస్తే, వియన్నాలో, ఆక్స్‌ఫర్డ్‌లో, షాంఘైలో దాన్ని పట్టుకున్నవాళ్లని మనం వేరే కళ్లతో చూస్తాం, చివర్లో పడాల్సిన దెబ్బ పడదు.

ఆదివారం అక్కని తీసుకుని మా ఇంటికి రండి బావగారూ, కోటు సినిమా పెడతాను. అప్పటిదాకా ఆ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి.