దినార్ ఖరీదైనదే, మరి కువైట్?

కువైట్ గురించి ఒక ఫార్వర్డ్ మెసేజ్ వాట్సాప్‌లో చాన్నాళ్లుగా తిరుగుతోంది. రాజంపేట, రాయచోటి, కోనసీమ వాళ్ల గ్రూపుల్లో అయితే మరీ ఎక్కువ. దాని సారాంశం ఇది: ప్రపంచంలోకెల్లా ఖరీదైన కరెన్సీ దినార్, కాబట్టి అన్నిటికన్నా గట్టి ఆర్థిక వ్యవస్థ కువైట్‌దే. వందేళ్లకు సరిపడా చమురుంది. అది అయిపోయినా దాచిన డబ్బుంది. అందుకే పన్నుల్లేవు. త్వరలో రెండో దుబాయ్ అవుతుంది. అక్కడ పనికి ఎప్పటికీ ఢోకా లేదు.

ఇందులో కొన్ని మాటలు నిజమే. వాటి నుంచి లాగిన తీర్పులతోనే పేచీ.

మొదట దినార్. 1961కి ముందు కువైట్‌లో నడిచింది రూపాయే. 1959 నుంచి మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం విడిగా గల్ఫ్ రూపాయి కూడా తెచ్చింది. 1961లో సొంత కరెన్సీ పెట్టుకున్నప్పుడు కువైట్ ఒక దినార్‌ను ఒక బ్రిటిష్ పౌండుకు సమానం చేసింది. అంటే అప్పటి లెక్కలో పదమూడు రూపాయల చిల్లర. దాన్ని వెయ్యి ఫిల్సులుగా విడగొట్టారు. పెద్ద యూనిట్‌తో మొదలుపెట్టారు కాబట్టి అది ఇవాళ్టికీ పెద్దగా కనిపిస్తోంది. ఒక జపాన్ యెన్‌కు రూపాయి కూడా రాదు. అంతమాత్రాన జపాన్ మనకన్నా పేద దేశం అంటామా? దినార్ మారకం విలువను బజారు కూడా తేల్చదు. 2007 నుంచి కొన్ని విదేశీ కరెన్సీల బుట్టకు దాన్ని కట్టేశారు, ఆ బుట్టలో ఏది ఎంతో బయటికి చెప్పరు. చమురు డాలర్లు వస్తున్నంత కాలం దాన్ని నిలబెట్టడం కష్టం కాదు.

రెండోది, వందేళ్ల చమురు. ఈ లెక్క తప్పు కాదు. నిల్వలు సుమారు 10,000 కోట్ల బ్యారెళ్లు, తీస్తున్నది రోజుకు 25 లక్షల బ్యారెళ్ల దగ్గర. భాగిస్తే వందేళ్లు దాటుతుంది. ప్రపంచంలోని అతిపెద్ద చమురు క్షేత్రాల్లో రెండోదైన బుర్గాన్ అక్కడే ఉంది. కానీ సమస్య చమురు అయిపోవడం కాదు, దాని ధర. 2014 మధ్యలో బ్యారెల్ 110 డాలర్ల దగ్గర ఉంది, 2016 జనవరికి 30 కిందికి పడింది. నేలలో నిల్వ మాత్రం మునుపటిలాగే ఉంది. ఎంత తీయాలో కూడా పూర్తిగా కువైట్ చేతిలో ఉండదు, చమురు దేశాల కూటమి ఒపెక్ పెట్టే కోటాలు ఉంటాయి. సౌదీతో కలిపి తీసే ఖఫ్జీ, వఫ్రా క్షేత్రాలు గొడవలతో 2014-15లో మూతపడి 2020లో గానీ తెరుచుకోలేదు. సౌదీకి ఎర్ర సముద్రం దాకా పైప్‌లైన్ ఉంది, యూఏఈకి హోర్ముజ్ జలసంధి అవతల ఫుజైరా రేవు ఉంది. కువైట్ ఓడలకు ఆ జలసంధి తప్ప బయటికి వేరే దారి లేదు. చాలామందికి తెలియని ఇంకో సంగతి, ఈ దేశం 2009 నుంచి గ్యాస్ దిగుమతి చేసుకుంటోంది. అక్కడి గ్యాస్‌లో ఎక్కువ భాగం చమురుతో పాటు వచ్చేదే కనక, కోటా తగ్గితే గ్యాస్ కూడా తగ్గుతుంది. 2024 జూన్‌లో ఎండలు 50 డిగ్రీలు దాటుతుంటే కరెంటు కోతలు పెట్టాల్సి వచ్చింది.

దాచిన డబ్బు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఫార్వర్డ్‌కు బలం అక్కడే. కువైట్ పొదుపు సంస్థ లండన్‌లో 1953లోనే మొదలైంది. 1976లో భావి తరాల నిధి పెట్టి, ఏటా ప్రభుత్వ రాబడిలో పది శాతం అందులో వేయాలని చట్టం చేశారు. మొత్తం ఎంతో ప్రభుత్వం చెప్పదు, లక్ష కోట్ల డాలర్ల దాకా ఉంటుందని బయటివాళ్ల అంచనా. 1990లో ఇరాక్ ఆక్రమించినప్పుడు ప్రవాస ప్రభుత్వం నడిచిందీ, తర్వాత దేశం కోలుకుందీ ఈ డబ్బుతోనే. అది గొప్ప ముందుచూపు, కాదనలేం. అయితే రోజువారీ ఖర్చుకు ఈ నిధిని ముట్టుకోకూడదు. దానికి వేరే నిధి ఉంది, అది కరిగిపోయింది. 2020 ఆగస్టులో ఆర్థిక మంత్రే పార్లమెంటులో చెప్పారు: చేతిలో 200 కోట్ల దినార్లే ఉన్నాయి, అక్టోబర్ తర్వాత జీతాలకు చాలవు అని. పెద్ద ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉండి, నెలాఖరుకు కిరాణా కొట్లో అప్పు పెట్టే ఇంటి పరిస్థితి. ఆ అప్పు కూడా పుట్టలేదు! ప్రభుత్వం అప్పు చేయడానికి వీలిచ్చే చట్టం గడువు 2017లో ముగిస్తే పార్లమెంటు కొత్తది కానివ్వలేదు. 2024 మేలో దేశాధినేత అమీర్ పార్లమెంటును రద్దు చేశాక, 2025 మార్చిలో 3,000 కోట్ల దినార్ల పరిమితితో కొత్త చట్టం వచ్చింది. 2025-26 బడ్జెట్‌లో ఖర్చు 2,450 కోట్ల దినార్లు, రాబడి 1,820 కోట్లు. ఆ ఖర్చులో దాదాపు ఎనభై శాతం జీతాలు, సబ్సిడీలే. నిధి ఎంత పెద్దదైనా ఈ తీరు మారదు.

పన్నుల మాటకొస్తే, వ్యక్తుల మీద ఆదాయపు పన్ను లేదు, నిజం. అవసరం లేక కాదు, వేసే ధైర్యం లేక. వ్యాట్ ఒప్పందానికి గల్ఫ్ దేశాలన్నీ తలూపాయి. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఒమన్ అమలు చేశాయి, కువైట్ చేయలేదు. 2025 నుంచి పెద్ద బహుళజాతి సంస్థల లాభాల మీద 15 శాతం పన్ను మాత్రం మొదలైంది.

ఇక రెండో దుబాయ్. చమురుకు ముందు కువైట్ వ్యాపారుల ఊరే. వాళ్ల ఓడలు బస్రా ఖర్జూరం వేసుకుని మన పశ్చిమ తీరానికి వచ్చేవి, టేకు దుంగలతో తిరిగి వెళ్లేవి. ఆ వ్యాపార బుద్ధి ఎక్కడికీ పోలేదు. పోయింది నిర్ణయం మీద నిలబడే అలవాటు. అమెరికా కంపెనీ డౌ కెమికల్‌తో కుదిరిన భారీ పెట్రోకెమికల్ ఒప్పందాన్ని 2008 డిసెంబర్‌లో రాజకీయ ఒత్తిడికి లొంగి రద్దు చేసుకున్నారు, అందుకు 2013లో సుమారు 220 కోట్ల డాలర్ల పరిహారం కట్టారు. సముద్రం మీద 36 కిలోమీటర్ల షేక్ జాబిర్ వంతెన 2019లో తెరిచారు. అవతలి ఒడ్డున సుబియాలో కడతామన్న సిల్క్ సిటీ ఇంకా రాలేదు. దుబాయ్‌లో జెబెల్ అలీ రేవు 1979లోనే మొదలైంది. కువైట్ బుబియాన్ దీవి మీద ముబారక్ అల్ కబీర్ రేవు పని ఏళ్ల తరబడి ఆగుతూ సాగుతూ ఉంటే, పక్కనే ఇరాక్ ఫావ్ దగ్గర తన రేవు కట్టుకుంటోంది. ఇరు దేశాల మధ్య ఉన్న ఖోర్ అబ్దుల్లా జలమార్గంలో ఓడల రాకపోకల ఒప్పందాన్ని ఆమోదించిన చట్టాన్ని ఇరాక్ సుప్రీంకోర్టు 2023లో కొట్టేసింది. అయినా అల్ జోర్ రిఫైనరీ పూర్తయింది, రోజుకు 6 లక్షల బ్యారెళ్లకు పైగా శుద్ధి చేయగలదు. నిజంగా లెక్కపెట్టుకోదగ్గ ముందడుగు నా దృష్టిలో ఇదే. కానీ అదీ చమురే.

చివరి మాట మనవాళ్లకు సూటిగా తగిలేది. దినార్‌ను రూపాయల్లోకి మార్చి ఆశ పెట్టే ఏజెంటు, ఇంటి పనివాళ్లకు 2016లో ప్రకటించిన కనీస జీతం నెలకు 60 దినార్లేనని ముందు చెప్పడు. జనాభాలో డెబ్భై శాతం ఉన్న విదేశీయుల్ని ముప్పై శాతానికి తగ్గించాలని 2020లో అక్కడి ప్రధానే అన్నారు. అంత తగ్గలేదు గానీ, ప్రభుత్వ ఉద్యోగాల్లో కువైటీలకే చోటన్న విధానం సాగుతూనే ఉంది. ఇంటి పనికి, డ్రైవర్లకు గిరాకీ ఉంటుంది. నిర్మాణం సంగతి అలా కాదు. చమురు ధర పడి బడ్జెట్ బిగిస్తే జీతాల మీద, సబ్సిడీల మీద చెయ్యి వేయడం కష్టం. కాబట్టి ముందు ఆగేది ప్రాజెక్టులు, కాంట్రాక్టర్ల బిల్లులు. వాటి వెనకే ఆ కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాళ్ల జీతాలు.