చేనేత పట్టుకు కత్తెర పెట్టకూడదా?

పండగల ముందు ఫోన్లలో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. చేనేత పట్టును చీరగా కట్టుకోవాలే గానీ కుట్టించుకోకూడదట. కత్తెర పడితే పోగులు జారిపోతాయట, తడిస్తే కుంచించుకుపోతుందట, వెడల్పు చాలదట. తప్పదంటే బాగా బరువున్నదే కొనాలట, ముందు ఒక పోగు కాల్చి చూడాలట, వెంట్రుక కాలిన వాసన వస్తే అసలైన చేనేతేనట. గుడ్డలో ఉండలు ఉండాలట, ఏ దశలోనూ యంత్రం తగలకూడదట. దీన్ని నమ్మి పరికిణీకో కుర్తాకో చేనేత పట్టు తీసుకోవడం మానేసేవారి కోసం ఇది రాస్తున్నాను. ఆ సందేశంలో ఒకటి రెండు సగం నిజాలున్నాయి. మిగతాదంతా పొరపాటు.

ముందుగా పోగులు జారే సంగతి, ఎందుకంటే నిజం కాస్త ఉన్నది ఇక్కడే. పట్టు పోగు నున్నగా ఉంటుంది. పలచగా నేసిన గుడ్డను ఒంటికి బిగుతుగా కుట్టిస్తే చంక దగ్గర, వీపు మధ్య కుట్టు వెంబడి పోగులు పక్కకు జరిగి సందులు పడతాయి. అయితే ఇది నేత ఎంత దగ్గరగా ఉందన్న దాన్ని బట్టి జరుగుతుంది, చేతి మగ్గమా మర మగ్గమా అన్న దాన్ని బట్టి కాదు. మర మగ్గం మీద పలచగా నేసిన పట్టు కూడా ఇలాగే జారుతుంది. రెండు మూడు పోగులు పురిపెట్టి, ఒత్తుగా నేసిన కంచి పట్టు అంత తేలిగ్గా జారదు. కొనే ముందే తెలుసుకోవచ్చు. గుడ్డను రెండు చేతుల బొటనవేళ్లకూ చూపుడువేళ్లకూ మధ్య దగ్గరదగ్గరగా పట్టుకుని అటూ ఇటూ గట్టిగా లాగండి. వదిలాక వెలుతురుకు ఎత్తి చూడండి. పోగుల మధ్య సందు అలాగే నిలిచిపోతే ఆ గుడ్డ జాకెట్టుకు పనికిరాదు. ఓణీకో, వదులుగా ఉండే కుర్తాకో వాడుకోవచ్చు. కలుసుకుపోతే నిశ్చింతగా కుట్టించుకోవచ్చు. కొంచెం అనుమానంగా ఉంటే దర్జీకి మూడు మాటలు చెప్పండి: లైనింగును పట్టుకు జతచేసి రెండూ ఒకే గుడ్డలా కుట్టమని, లోపల కనీసం అంగుళం గుడ్డ వదలమని, సన్నటి కొత్త సూది వాడమని. మొండి సూది పోగును తెంపుతుంది, ఆ చిల్లు మళ్లీ పూడదు. గుండుసూదులు కూడా కుట్టు లోపలికి పోయే భాగంలోనే గుచ్చాలి.

ఇక నిప్పు పరీక్ష. ఇది పోగు దేనితో తయారైందో చెబుతుంది, ఆ పోగును ఎవరు నేశారో చెప్పదు. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. చెక్క గుజ్జుతో చేసే విస్కోస్ దారం కాగితంలా కాలుతుంది. అంతవరకు సరే. మర మగ్గం మీద నేసిన అసలు పట్టు కూడా వెంట్రుక వాసనే వేస్తుంది కదా! అందుకే ఈ పరీక్షతో చేనేతను నిర్ధారించడం కుదరదు. పైగా చాలామంది అంచు నుంచి ఒక్క పోగు లాగి కాల్చి తృప్తి పడతారు. పడుగు (నిలువు పోగు) పట్టు, పేక (అడ్డం పోగు) పాలిస్టర్ ఉన్న గుడ్డలు అంగళ్లలో కనిపిస్తూనే ఉంటాయి. నిలువు పోగు ఒకటి, అడ్డం పోగు ఒకటి విడివిడిగా చూడాలి, అదీ ఒక చిన్న ముక్క అడిగి తీసుకుని, గుడ్డకు దూరంగా.

ప్రభుత్వ గుర్తుల విషయంలోనూ ఇదే గందరగోళం. కేంద్ర పట్టు మండలి చొరవతో 2004లో వచ్చిన సిల్క్ మార్క్ స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే హామీ ఇస్తుంది; మర మగ్గం పట్టుకూ అది ఉండవచ్చు. చేతి మగ్గం మీద నేసినదని చెప్పేది 2006లో మొదలైన హ్యాండ్లూమ్ మార్క్. 2015 ఆగస్టు 7న, తొలి జాతీయ చేనేత దినోత్సవం నాడు, ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ కూడా వచ్చింది. మీకు రెండు హామీలూ కావాలంటే రెండూ అడగాలి. ఒకటి చూపించి రెండోదని నమ్మించే దుకాణంలో నేనైతే కొనను.

గుడ్డలో ఉండలు ఉంటేనే చేనేత అన్నది మరో అపోహ. రెండు పురుగులు కలిసి అల్లిన జంట గూళ్ల నుంచి తీసిన డ్యూపియన్ పోగు సహజంగానే ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ పోగును ఏ మగ్గం మీద నేసినా ఉండలు కనిపిస్తాయి. టసర్ అనే అడవి పట్టు గరుకుదనం కూడా పోగుదే. మంచి చేయి తిరిగిన నేతగాడు సాఫీ పోగుతో నేసిన పట్టులో ఒక్క ఉండ కూడా కనిపించకపోవచ్చు. దాన్ని నకిలీ అని తిప్పి పంపడం ఆ నైపుణ్యానికి శిక్ష వేయడమే. గుర్తు పట్టాలంటే నేత తీరు చూడండి. పోచంపల్లి ఇక్కత్‌లో పోగులకే ముందుగా ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, దాని అంచులు కొద్దిగా చెదిరి ఉంటాయి. ఇక్కత్ పేరుతో అమ్మే అచ్చు గుడ్డ చాలావరకు వెనుక వెలిసినట్టు ఉంటుంది. ఉప్పాడ జాందానీలో బుటా (చిన్న పువ్వు డిజైన్) పోగును చేత్తో ఇరికిస్తారు, అందుకే వెనుక తెగిన దారాలు వేలాడవు.

యంత్రం తగిలితే చేనేత కాదన్న మాట మాత్రం నన్ను నిజంగా బాధిస్తుంది. పోచంపల్లి నేతలో ముడులు కట్టే ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని చేత్తో వేల సార్లు తిప్పే పని అది, ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే చేసేవారు, భుజాలు పడిపోయేవి. తల్లి పడే ఆ బాధ చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. దారం సిద్ధం చేయడానికి యంత్రం వాడినంత మాత్రాన మగ్గం మీద చేత్తో నేసిన గుడ్డ చేనేత కాకుండా పోతుందా? ఆ భుజాల నొప్పి వల్ల గుడ్డకు కొత్తగా వచ్చే అందం ఏమీ లేదు.

కుంచించుకుపోయేది సాధారణంగా పట్టు కాదు. గద్వాల నేతలో ఒంటి భాగం నూలు, అంచు, కొంగు పట్టు ఉండే రకం ఉంది. తడిస్తే నూలు ఎక్కువ కుంచించుకుంటుంది, పట్టు అంచు దాదాపు అలాగే ఉంటుంది, కలిసే చోట ముడతలు పడతాయి. కుట్టించిన పట్టు జాకెట్టు ముడుచుకుపోయిందని చెప్పేవారి విషయంలో తరచుగా తప్పు లోపలి నూలు లైనింగుది. లైనింగును ముందే తడిపి ఆరబెట్టి ఇస్తే సరిపోతుంది. పురి ఎక్కువగా ఉండే క్రేప్ పట్టు మాత్రం నిజంగానే కుంచించుకుంటుంది. దాన్ని నీళ్లలో వేయకండి.

వెడల్పు సమస్య పెద్దదేమీ కాదు. చేనేత తానులు ఎక్కువగా 44 నుంచి 48 అంగుళాల మధ్య ఉంటాయి. ఘేరు (కింద విచ్చుకునే వెడల్పు) కావాలంటే కలీలు (పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ముక్కలు) కోసి కలుపుతారు, ఒక మీటరు ఎక్కువ పడుతుంది. అంచు పరికిణీ కిందికి రావాలంటే గుడ్డను అడ్డంగా తిప్పి వాడతారు కాబట్టి కావలసిన పొడవుకు ఆ వెడల్పు చాలుతుందో లేదో కొలుచుకోండి.

బరువు ఎక్కువైతే మేలన్న సలహా మాత్రం డబ్బు వృథా చేయిస్తుంది. బరువు మంచి పట్టు వల్ల రావచ్చు, జరీ వల్ల రావచ్చు, గంజి వల్లా రావచ్చు. గుడ్డ మూలను పిండి నలిపితే గంజి పొడి రాలడం కొన్నిసార్లు కంటికే కనిపిస్తుంది. షేర్వాణీకి, నిలబడే కుచ్చుల లెహంగాకు దిట్టమైన గుడ్డ కావాలి. అనార్కలీకి జారి వాలే మెత్తటి పట్టు కావాలి. నిండా జరీ ఉన్న గుడ్డను చంక కింద పెడితే ఒరుసుకుంటుంది, మడతల దగ్గర జరీ విరుగుతుంది. అసలు జరీ అంటే పట్టు దారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది. ప్లాస్టిక్ జరీ అయితే వేడి ఇస్త్రీ కింద ముడుచుకుపోతుంది. కాబట్టి దర్జీ ఇస్త్రీ పెట్టె ఎత్తే ముందు, జరీ ఏ రకమో మీరే చెప్పాలి, ఒక ముక్క మీద వేడి సరిచూసుకోమనాలి.