జ్వరం తిరగబెడితే తిట్టం కదా

మా బాబాయి ఏటా అయ్యప్ప మాల వేసుకునేవాడు. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. ఏడాదంతా తాగే మనిషి, కార్తీకం వచ్చేసరికి నల్ల పంచె కట్టి, తెల్లారకముందే చన్నీళ్లు పోసుకుని, నేల మీద చాప పరుచుకుని పడుకుని, 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండేవాడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన వారం తిరక్కుండానే మళ్లీ బ్రాందీ షాపు దగ్గర కనపడేవాడు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "నలభై రోజులు ఉన్నవాడు నాలుగేళ్లు ఉండలేడా? మానాలని ఉంటే కదా!" చాలా ఏళ్లు నేనూ అదే అన్నాను.

ఇప్పుడు అనను. ఆ 41 రోజులూ ఆయన చుట్టూ ఏముందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పిన్ని, పిల్లలు, వీధిలో వాళ్లు, అందరూ "స్వామీ" అని పిలిచేవాళ్లు. మామూలుగా షాపు వైపు కాళ్లు లాగే సాయంత్రం వేళకి ఆయన భజనలో ఉండేవాడు, పక్కన అదే దీక్షలో ఉన్న పదిమంది, మనసు తడబడితే చెప్పుకోవడానికి గురుస్వామి. మాల తీసిన రోజున ఇదంతా ఒక్కసారిగా పోయేది. పిలుపు పోయింది, భజన పోయింది, పదిమంది ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మిగిలింది ఆయనా, ఆయన మనోబలమూ. మేం ఆ ఒక్కదాన్నే పట్టుకుని, అది చాల్లేదని ఆయన్ని తిట్టాం.

ఒక ఏడాది ఇంకా ఘోరం జరిగింది. ఆ ఏడు తాగుడు బాగా ముదిరింది, పొద్దున లేవగానే తాగకపోతే చేతులు వణికేవి. మాల వేసిన మూడో రోజు అరుగు మీద కూర్చుని పంచె మీద చీమల్ని దులుపుకుంటున్నాడు. అక్కడ ఒక్క చీమ కూడా లేదు. ఒళ్లంతా చెమట, ఎవరో పిలుస్తున్నారని గుమ్మం వైపు చూపు. స్వామి పరీక్ష పెడుతున్నాడన్నారు కొందరు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాక గానీ గుంటూరు తీసుకెళ్లలేదు. ఆలస్యమైతే ప్రాణం పోయేదని డాక్టరు చెప్పాడట. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి మతి తప్పవచ్చు, వైద్యం అందకపోతే మనిషే పోవచ్చు. "గదిలో పెట్టి తాళం వేస్తే నాలుగు రోజుల్లో దారికొస్తాడు" అనే మాట మన ఇళ్లలో ఇప్పటికీ వింటుంటాను, వింటుంటే భయమేస్తుంది. మానడం మంచిదే, కానీ ఎలా ఆపాలో ముందు డాక్టర్ని అడగాలి.

అమెరికా వచ్చాక ఈ నమ్మకాలు విమానం దిగి మనతోనే వచ్చాయి. పెళ్లి చేస్తే మారతాడని ఇండియాలో చేసిన పెళ్లిళ్లు, పిల్లలు పుడితే మారతాడని ఇక్కడ చూసే ఎదురుచూపులు. ఆ మధ్య నాకు బాగా తెలిసిన ఒకావిడ పెట్టె విప్పుతుంటే, ఆవకాయ డబ్బాల మధ్య న్యూస్ పేపర్లో చుట్టిన తెల్ల పొడి పొట్లం బయటపడింది. "తెలియకుండా మాన్పిస్తాం" అని గోడల మీద రాసే ప్రకటనలు ఉంటాయే, అక్కడ కొన్నదట వాళ్ల అమ్మ, అల్లుడికి కాఫీలో కలపమని. పొట్లం మీద పేరు లేదు, మోతాదు లేదు. అందులో డైసల్ఫిరామ్ (తాగితే ఒళ్లు తిరగబడేలా చేసి తాగుడు మాన్పించే మందు) లాంటిది ఉండి, ఆ సంగతి తెలియని మనిషి పైన తాగితే వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. ఆ తల్లి ప్రేమతోనే పంపింది. అయినా దయచేసి ఆ పని చేయకండి. అతనికి చెప్పకుండా అతనికి వైద్యం చేయకూడదు.

అసలైన మాత్రలు ఉన్నాయి. నాల్ట్రెక్సోన్‌ని తాగుడు సమస్యకి వాడటానికి ఇక్కడ 1994లోనే అనుమతించారు. అది డైసల్ఫిరామ్‌లా తాగిన మనిషిని వాంతులతో పడేయదు, తాగితే వచ్చే ఆ కిక్కుని తగ్గిస్తుంది, తాగాలన్న లాగుడు కూడా చాలామందిలో తగ్గుతుంది. లివర్ పరీక్షలు చూసి, నొప్పులకి ఓపియాయిడ్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా అని అడిగి మామూలు ఫ్యామిలీ డాక్టరే రాయొచ్చు. అందరికీ పని చేయదు, కొందరికి బాగా పని చేస్తుంది. కానీ ఆ మాట ఎత్తగానే మనవాళ్లు "మందు మానడానికి మళ్లీ మందా?" అంటారు, మాత్ర వేసుకుని మానితే అది నిజంగా మానినట్టు కాదన్నట్టు. షుగర్‌కి మాత్ర వేసుకునేవాణ్ణి ఎవరూ అలా అడగరు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మన భాషలోనే ఉంది. జ్వరం తగ్గి మళ్లీ వస్తే "తిరగబెట్టింది" అంటాం, తప్పు జ్వరానిది. తాగుడు తగ్గి మళ్లీ వస్తే "మళ్లీ మొదలెట్టాడు" అంటాం, అక్కణ్ణుంచి తప్పంతా మనిషిదే. వ్యసనం తిరగబెట్టడం 40 నుంచి 60 శాతం దాకా ఉంటుందని, బీపీ, ఆస్తమా లాంటి జబ్బులతో పోలిస్తే ఇది పెద్ద తేడా ఏమీ కాదని ఇక్కడి జాతీయ పరిశోధనా సంస్థ నైడా చెబుతుంది. రీహాబ్‌లో నెల రోజులుండి వచ్చినవాడు మూడో నెలలో జారితే "డబ్బులన్నీ బూడిదలో పోశాం" అంటాం. నెల రోజులన్నది మొదలు. ఆ తర్వాత ఏడాది ఎవరు తోడున్నారన్నదే నేను అడిగే ప్రశ్న.

ఆ తోడు కోసమే 1935లో ఒహాయోలోని యాక్రన్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, ఇంటి పేరు చెప్పక్కర్లేదు. అక్కడ స్పాన్సర్ అంటారు, ముందు మానిన మనిషి కొత్తగా మానినవాడికి అండగా ఉంటాడు. నాకు వెంటనే గురుస్వామి గుర్తొచ్చాడు. 41 రోజులకి ఆపేయరు, అదే తేడా. వాళ్ల మీటింగులు చర్చి కింద గదుల్లో జరుగుతాయని మనవాళ్లు మొహమాటపడతారు. ఆన్‌లైన్ మీటింగులు బోలెడున్నాయి. ఎక్కడ మొదలెట్టాలో తెలియకపోతే ఇక్కడి ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1-800-662-4357 కి రాత్రీ పగలూ ఫోన్ చేయొచ్చు, ఉచితం.

బాబాయి ఇప్పుడు మాత్ర మీద ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు తిరగబెట్టింది. రెండోసారి పిన్ని తిట్టలేదు, మర్నాడే గుంటూరు తీసుకెళ్లింది.

ఈ దీపావళికి మా ఇంటికి వచ్చేవాళ్లలో ఒకతను మానేసి నాలుగు నెలలైంది. ఈసారి గ్యారేజీలో సీసాలు పెట్టడం లేదు. ఎందుకని అడిగినవాళ్లకి "ఈసారి ఇంతే" అని మాత్రం చెప్పాను.