సవరణ: ఎత్తు, ఎముకలు, కనిగిరి నీళ్లు

మొన్నటి పోస్టులో రెండు తప్పులు రాశాను. మనిషి ఎత్తును ఒకే జన్యువు నిర్ణయిస్తుందన్నాను. కనిగిరి వైపు కొందరి ఎక్స్‌రేల్లో ఎముకలు దట్టంగా కనిపిస్తే, అది వంశంలో వచ్చిన బలమన్నాను.

ఎత్తు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2022లో సుమారు 54 లక్షల మంది డీఎన్‌ఏ సమాచారం చూస్తే, ఎత్తుతో ముడిపడిన తేడాలు 12,000కు పైగా తేలాయి. ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది. పైగా అందులో ఎక్కువమంది యూరప్ మూలాల వాళ్లే, కాబట్టి ఆ లెక్క మనకు అంత బాగా సరిపోదు.

రెండోది పెద్ద తప్పు. ఎల్ఆర్‌పీ5 జన్యువులో కొన్ని మార్పులుంటే ఎముకలు నిజంగానే దట్టంగా, గట్టిగా ఉంటాయి. కానీ అది చాలా అరుదు. కనిగిరిలో ముందు అనుమానించాల్సింది బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ని. అది ఎముకలో చేరితే ఎక్స్‌రేలో దట్టంగానే కనిపిస్తుంది, ఎముక మాత్రం పెళుసవుతుంది, కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి. 1970కి ముందు కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఆ జిల్లాలో ఈ జబ్బును వైద్యులు 1937లోనే వివరించారు. ఇంటిల్లిపాదీ తాగేది ఒకే బోరు నీళ్లయితే జబ్బు వంశపారంపర్యంలాగే కనిపిస్తుంది. నేను బోల్తాపడింది అక్కడే. పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.