ఆదివారం పదకొండింటికే ఆకలి వేయాలి

బెంగళూరు తెలుగువాళ్ల సేవాభావానికి ఏ లోటూ లేదని ముందే చెప్పేస్తున్నాను. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా, బెళ్లందూరు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఎక్కడ చూసినా ఒక సంఘం, ఆ సంఘానికో సేవా విభాగం, ఆ విభాగానికో వాట్సాప్ గ్రూపు, ఆ గ్రూపులోంచి అలిగి వెళ్లిపోయినవాళ్లకు ఇంకో సంఘం ఉన్నాయి. కార్యదర్శులున్నారు, కోశాధికారులున్నారు, రాత్రికి రాత్రి బ్యానర్ డిజైన్ చేసిపెట్టే కుర్రాళ్లున్నారు. లేనిదల్లా ఒక్కటే. అవసరంలో ఉన్నవాళ్లకు క్రమశిక్షణ లేదు.

మాట కటువుగా ఉండొచ్చు, కానీ ఎవరో ఒకరు అనాలి కదా. సోమవారం నుంచి శుక్రవారం దాకా మనవాళ్లకు ఆఫీసు, రాత్రి అమెరికావాళ్లతో కాల్స్. శనివారం సరుకులు, పిల్లల డాన్సు క్లాసు, ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్. దానధర్మాలకు మిగిలేది ఆదివారం పదిన్నర నుంచి ఒంటిగంట దాకా. ఇంత స్పష్టంగా టైమ్ ఇచ్చాక కూడా జనం మంగళవారం పస్తులుంటున్నారు. గురువారం జబ్బు పడుతున్నారు. నెల మధ్యలో ఫీజు కట్టలేక పిల్లల్ని బడి మాన్పిస్తున్నారు. దాతలకూ ఒక షెడ్యూలు ఉంటుందన్న ఇంగితం ఉండక్కర్లేదా?

అనాథాశ్రమాల సంగతే చూడండి. పిల్లాడి పుట్టినరోజుకి అన్నదానం చేద్దామని ఫోన్ చేస్తే, మూడు నెలల దాకా ఆదివారాలు ఖాళీ లేవంటుంది వార్డెన్. "బుధవారం పెట్టండి సార్, శుక్రవారం పెట్టండి. అదీ కుదరకపోతే రెండు గ్యాస్ సిలిండర్లకు డబ్బు పంపండి, లేదంటే ఒక బస్తా కందిపప్పు" అంటుంది. కందిపప్పు! పప్పు బస్తా పక్కన నిలబడి బాబు ఏమని ఫొటో దిగుతాడు? సిలిండరు మీద కొవ్వొత్తి పెట్టగలమా? పెట్టకూడదు కూడా.

బేరమాడి, తెలిసినవాళ్లతో చెప్పించుకుని, ఎలాగో ఒక ఆదివారం సంపాదిస్తారు. అప్పటికే పదకొండింటికి ఒక కేకు అయిపోయి ఉంటుంది. పన్నెండున్నరకి ఏదో కాలనీవాళ్ల వెజ్ బిర్యానీ. రెండింటికి మనవాళ్ల పులిహోర, జాంగ్రీ, ఇంకో బిర్యానీ. నాలుగింటికి మ్యాజిక్ షో. మూడో కేకు దగ్గరికొచ్చేసరికి పిల్లలు హ్యాపీ బర్త్‌డే పాటని నీరసంగా పాడుతున్నారని దాతలు బాధపడుతున్నారు. ఎనిమిదేళ్ల కుర్రాడు గంటన్నర తేడాతో రెండో బిర్యానీ తినలేకపోతే అది దాతల తప్పా? మర్నాటి నుంచి శనివారం దాకా అన్నం, నీళ్ల సాంబారు ఉండనే ఉన్నాయి కదా, తీరిగ్గా అరిగించుకోవచ్చు.

దేశవ్యాప్తంగా కూడా ఈ సమస్యని కొంత గుర్తించారు. 2009లో మొదలైన దాన్ ఉత్సవ్ అనే దానాల పండగని ఇప్పుడు ఏటా అక్టోబరు 2 మొదలుకుని 8 దాకా జరుపుతున్నారు. ఆ వారం ఏ ఆశ్రమానికి వెళ్లినా చెప్పులు విడవడానికి చోటుండదు. తొమ్మిదో తారీకున వెళ్తే విశాలంగా ఉంటుంది. కంపెనీల లెక్క ఇంకా పకడ్బందీ. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ప్రకారం, ఆ పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆర్థిక సంవత్సరం ముగిసేది మార్చిలో. కాబట్టి పేదరికం ఫిబ్రవరిలో గుర్తొస్తుంది. నలభై మంది ఇంజనీర్లు ఒకే రంగు టీషర్టులు తొడుక్కుని బస్సు దిగి సర్కారు బడి గోడలకు రంగులు వేస్తారు. పోయినేడు ఇంకో కంపెనీవాళ్లు గీసిన చిలకల మీద ఈసారి ఏనుగులు. ఆ పైయేడు మళ్లీ చిలకలు. పూత మీద పూత పడి గది ఇరుకవుతోందని హెడ్మాస్టరు అంటే జోకనుకున్నారు. ఆ బడికి లెక్కల టీచరు లేడనీ అన్నాడు. టీచరైతే బ్రష్షుతో పూసేది కాదు, రోజూ రావాలి.

ఈ టైమ్‌టేబుల్ తెలియక మన పెద్దవాళ్లు చాలా నష్టపోయారు. డొక్కా సీతమ్మగారు 1841లో పుట్టి 1909లో పోయేదాకా లంకల గన్నవరంలో వేళ కాని వేళ తలుపు కొట్టినవాడికి కూడా లేచి వండిపెట్టారు. బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపొస్తే వెళ్లలేదనీ, పోనీ ఫొటో అయినా పంపమంటే దానికీ ఒప్పుకోలేదనీ, ఫొటో లేకపోతే తన ఉద్యోగం పోతుందని అధికారి బతిమాలితే జాలిపడి కెమెరా ముందు కూర్చున్నారనీ చెప్పుకుంటారు. మేనేజ్‌మెంట్ దృష్టితో చూస్తే ఇది ఘోర వైఫల్యం. రిజిస్ట్రేషన్ లేదు, లోగో లేదు, వేదిక మీద కుర్చీలు లేవు. జీవితమంతా అన్నం పెట్టి ఒకే ఒక్క ఫొటో! మన సంఘం నలభై దుప్పట్లు పంచితే రెండు వందల ఫొటోలు వస్తాయి. అయినా గోదావరి మీద కాలువని దాటించే అక్విడక్టుకీ, ఇప్పుడు ఆంధ్రాలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. పీఆర్ టీమ్ లేకుండా ఎలా సాధించారన్నది పరిశోధించాల్సిన విషయం.

1977 దివిసీమ ఉప్పెనా అంతే. నవంబరు 19, శనివారం వచ్చింది. ఒక్కరోజు ఆగలేకపోయింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. జోలెతో పెద్ద చిక్కేమిటంటే, ఎవడెంత వేశాడో పక్కవాడికి తెలియదు. చేతి ఉంగరం తీసి వేసినవాడూ, అర్ధ రూపాయి వేసినవాడూ ఒకేలా చెయ్యి బయటికి తీస్తారు. ఇలాంటి పారదర్శకత లేని పద్ధతులు పోయి, క్యూఆర్ కోడ్ వచ్చి, దాతల జాబితా అవరోహణ క్రమంలో గ్రూపులో పెట్టే రోజులొచ్చాయి. జాబితాలో మనకన్నా కింద ఎవరున్నారో చూసుకున్నాక కలిగే తృప్తి ఏ పురాణంలోనూ రాయలేదు.

ఇక మొన్న ఒక క్లబ్‌హౌస్‌లో జరిగిన సహాయనిధి సభ. హోసూరు రోడ్డు మీది కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి జనం వస్తూనే ఉంటారు. అలా భర్తని తీసుకుని హిందూపురం అవతలి పల్లె నుంచి వచ్చినామెని వేదిక మీదికి పిలిచారు. వెనక బ్యానర్లో రోగి ఫొటో పాస్‌పోర్టు సైజు, గౌరవాధ్యక్షులవారిది తలుపు సైజు. ఆమె చేతికి నాలుగడుగుల సన్‌బోర్డు చెక్కు ఇచ్చారు. "అక్షరాలా ఇరవై ఐదు వేల రూపాయలు మాత్రమే." ఒక కొస ఆమె, ఒక కొస అధ్యక్షులు, మధ్యలో ఏడుగురు కమిటీ సభ్యులు. చెక్కు వెనక ఆమె మొహం కనబడటం లేదని ఫొటోగ్రాఫర్ అన్నాడు. "అమ్మా, కొంచెం కిందికి పట్టుకోండి. నవ్వొద్దు. అట్లని మరీ ఏడవొద్దు."

చప్పట్లయ్యాక ఆమె కోశాధికారిని అడిగింది. "దీన్ని ఏ బ్యాంకులో ఎయ్యాల సార్?"

"అది ఫొటోకమ్మా. అసలుది మీ అకౌంటుకే వస్తుంది."

"ఎప్పటికి పడుతుంది సార్? రేపు స్కానింగ్ రాసినారు."

"ప్రాసెస్‌లో ఉంది."

ప్రాసెస్ అన్న మాటకి ఎదురు ప్రశ్న ఉండదు. ఆమె దణ్ణం పెట్టి, సన్‌బోర్డుని వదిలెయ్యాలో పట్టుకెళ్లాలో ఎవరూ చెప్పకపోవడంతో పట్టుకెళ్లింది. బస్సు కండక్టరు దాన్ని పైనుంచి కిందికి చూసి, ఆధార్ అడిగాడు. శక్తి పథకంలో ఉచిత ప్రయాణం కర్ణాటక ఆడవాళ్లకే. ఆమెది ఆంధ్రా ఆధార్. టికెట్టు కొట్టి, బోర్డుకి లగేజీ కూడా అన్నాడు. పాతికవేల చెక్కు చేతిలో పెట్టుకుని లగేజీకి చిల్లర లేదంటే అతను మాత్రం ఎలా నమ్ముతాడు?

డబ్బెందుకు ఆలస్యమైందో అడిగే హక్కు సభ్యులకుంది కాబట్టి, మాటవరసకి ఇలాంటి సభల లెక్క ఒకటి వేద్దాం. 300 మంది, తలకి 1,000 టికెట్టు. 3 లక్షలు. హాలు, సౌండు, లైట్లు 80 వేలు. హైదరాబాదు నుంచి గాయకుడు, ఆయన కీబోర్డు, కీబోర్డుకో మనిషి, విమానం, హోటలు కలిపి 1 లక్షా 10 వేలు. భోజనాలు 75 వేలు. ఇందులో లైవ్ దోశ కౌంటర్ ఉంది, తప్పదు. శాలువాలు, జ్ఞాపికలు, బొకేలు 18 వేలు. ఫొటోలు, వీడియో, డ్రోను 12 వేలు. హాల్లో డ్రోను ఎందుకంటే, పైనుంచి తీస్తే ఖాళీ కుర్చీలు తక్కువ కనబడతాయట. ఇవన్నీ పోగా మిగిలేది 5 వేలు. చెక్కు మీద వేసింది 25 వేలు. తక్కువపడ్డ 20 వేలకి ఇంకో సంగీత విభావరి పెట్టాలి. దాంట్లోనూ 5 వేలే మిగిలితే ఆపైన ఇంకోటి. ఈ లెక్కన రోగి ఓపిక పడితే కళలు కూడా వర్ధిల్లుతాయి.

ఈ మధ్య చేరిన కుర్రాడొకడు, మూడు వందల మందీ తలో వెయ్యి నేరుగా ఆమె అకౌంటుకి పంపితే ఆ సాయంత్రానికే మూడు లక్షలు చేరేవి కదా అన్నాడు. గ్రూపులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దాయన, "మరి మనం కలిసేదెప్పుడు బాబూ?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఇంకొకాయన పన్ను మినహాయింపు రసీదు సంగతెత్తాడు. నగదుగా ఇస్తే 2 వేలు దాటినదానికి మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలోకి మారినవాళ్లకి అసలే రాదు. ఆయన మారిపోయాడు. ఇక పుణ్యం తప్ప ఏమీ రాదని తెలిసి చాలాసేపు దిగులుగా ఉన్నాడు.

ఆకలి మీద అవగాహన కోసం చేసిన ఐదు కిలోమీటర్ల నడక గురించి ఎక్కువ రాయను. గమ్యం దగ్గర కేసరి బాత్, ఖారా బాత్, వడ పెట్టారు. అవగాహన కలిగింది. కొందరికి రెండు ప్లేట్ల అవగాహన కలిగింది.

నిజంగా తలనొప్పి తెచ్చేది రక్తం. మనవాళ్లు రక్తదానానికి వెనుకాడరు. అభిమాన హీరో పుట్టినరోజున, అదీ దగ్గర్లో ఉన్న ఆదివారానికి జరిపి, మెగా క్యాంపు పెట్టి బకెట్ల కొద్దీ పండ్లరసం తాగి మరీ ఇస్తారు. మంగళవారం మధ్యాహ్నం గ్రూపులో ఇంకో మెసేజ్ వస్తుంది: కీమో తీసుకుంటున్న పాపకి ప్లేట్‌లెట్లు పడిపోయాయి, అర్జెంట్. దానికి అరవై నమస్కారాలు, ఇరవై కన్నీటి బొమ్మలు, "ఫార్వర్డ్ చేశాను అన్నా" అన్న జవాబులు. వెళ్లేవాళ్లు మాత్రం ఉండరు. ఆదివారం రక్తం ఇచ్చినవాళ్లు కొన్ని వారాల దాకా ప్లేట్‌లెట్లు ఇవ్వకూడదు. ఇవ్వనివాళ్లకు మూడింటికి మీటింగు. పోనీ ముందే తీసి దాచుకుందామా అంటే ఎర్రకణాలు నెల పైన నిలవుంటాయి గానీ ప్లేట్‌లెట్లు ఐదు రోజులకే పాడైపోతాయి. ఆదివారం తీసినవి ఆ పై ఆదివారానికి కూడా ఉండవన్నమాట. ప్రకృతే మన కమిటీతో సహకరించకపోతే కార్యదర్శి ఏం చేస్తాడు?

ఇంత కష్టపడి నిలబెట్టుకున్న వ్యవస్థని కొందరు చల్లగా చెడగొడుతున్నారు. మా దగ్గర ఒకావిడ ఉన్నారు, రిటైరైన టీచరు. సభ్యత్వ రుసుం కూడా సరిగ్గా కట్టరు. వారంలో మూడు నాలుగు రోజులు పొద్దున్నే ఆసుపత్రుల దగ్గర కనబడతారు. కన్నడం రాని మనవాళ్లకు ఫారాలు నింపిపెడతారు, ఏ కౌంటరులో నిలబడాలో చూపిస్తారు. ఆంధ్రా ఆరోగ్యశ్రీని 2019లో బెంగళూరు ఆసుపత్రులకు కూడా విస్తరించారని, ఇప్పుడు పేరు మారినా అది ఎక్కడెక్కడ వర్తిస్తుందో కనుక్కోవచ్చని ఊళ్లోవాళ్లకి తెలియదు. ఆవిడ వాళ్లతో కూర్చుని కార్డులు తీయించి, ఫోన్లు చేసి కనుక్కుంటారు. సన్‌బోర్డు చెక్కామె స్కానింగ్ కూడా ఆవిడే ఎక్కడో మాట్లాడి చేయించారట. ఫొటో ఒక్కటి లేదు. పైగా మంగళవారం.

మందలిస్తే బాగుండదు కాబట్టి సన్మానించాలని కమిటీ నిర్ణయించింది. ఆదివారం పదకొండింటికి రమ్మని కార్యదర్శి ఫోన్ చేశాడు. ఆదివారం ఓపీ ఉండదు గనక వారం బట్టలన్నీ ఆరోజే ఉతుక్కోవాలన్నారావిడ. ఎంతో బతిమాలాక, "ఆ శాలువా ఎంతవుతుందో చెప్పండి నాయనా. ఆ డబ్బుకి ఇంకో నాలుగు రూపాయలు కలిపి ఆ కీమో పాపకి ఎస్‌డీపీ కిట్టు, అదే దాత నుంచి ప్లేట్‌లెట్లు తీసే కిట్టు కొనివ్వండి" అన్నారు.

దీనిమీద కార్యవర్గంలో గంటంబావు చర్చ జరిగింది. శాలువాకి బదులు నగదు ఇవ్వడానికి బైలాస్‌లో అవకాశం లేదని, ఆ క్లాజు సవరించాలంటే సర్వసభ్య సమావేశం పెట్టాలని, దానికి హాలు బుక్ చేయాలని తేలింది. శాలువా ఇప్పటికే కొన్నారు, షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు. ఆదివారం ఆవిడ రాని పక్షంలో అది వృథా పోకుండా అధ్యక్షులవారికే కప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆయన మొహమాటపడ్డారు గానీ, ఆ టైముకి ఖాళీయేనన్నారు.